విత్తనాల అరకు వేరే బీగం

మా ఊరి ఆచారికి బీరువా చెయ్యడం రాదు. నేననే మాట కాదప్పా ఇది, ఆయనే అన్నాడు. మా అవ్వ ముందర నిలబడి, భుజం మిందుండే తువ్వాలు తీసి చంకలో పెట్టుకోని, "మడక అంటే చేస్తా, గొర్రు అంటే చేస్తా, బండి కావాలంటే ఆర్నెల్లు టయమియ్యి, చేస్తా. ఈ అలమార్లు, బీరువాలు నా పని కాదమ్మా. బళ్లారిలో అంగళ్లుండాయి, పోయి తెచ్చుకోండి" అన్నాడు. మా అవ్వ ఆ మాట చెవిన పెట్టుకోల్యా. "బండిచక్రం చేసేటోనికి నాలుగు పలకలు కలపడం రాదంటే ఎవురు నమ్ముతారు ఆచారీ?" అన్నాది. నడింట్లో నిలబడిండే ఆ బీరువా ఆ ఒక్క మాటకు పుట్టింది.

రొంత ముందరికి జరిగి కూచోండి. కందికట్టె బిరీన కాలిపోతాది, ఆ తుమ్మమొద్దు అడుగున పెట్టప్పా, తెల్లార్లూ ఉంటాది.

కరువుకు గంజి కేంద్రాలు పెట్టింది 1952లో. బీరువా ఇంట్లో నిలబడింది 1953 దీపావళి దాటినాక. ఏండ్లు ఇంత బాగ ఎట్ల గుర్తుండాయంటే, ఆ 53 అక్టోబరు ఒకటో తేదీనే ఆంధ్ర రాష్ట్రం వచ్చె. కర్నూలు రాజధాని. బళ్లారేమో మైసూరు రాష్ట్రానికి పోయె, రాయదుర్గం తాలూకా మన అనంతపురం జిల్లాలోకి వచ్చె. మాది కళ్యాణదుర్గం పక్క గదా, బందులూ బీగమూ తేవల్లంటే బళ్లారే దిక్కు. మా నాయన బస్సెక్కి పోయి తెచ్చి, "పరరాష్ట్రం పోయొచ్చినా" అని ఊరంతా చెప్పుకోని తిరిగె.

మన సీమకు కరువు కొత్త కాదు. 1876లో మొదలైన ధాత కరువు ముచ్చట మా అబ్బ చెప్తాండె, ఆయనకు వాళ్లబ్బ చెప్పిందంట. అప్పుడు మనది బళ్లారి జిల్లా. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో, ఆ కరువు దాటినాక. 52లో అంత ఘోరం ల్యాదు, గంజి దొరికె. దొరికె అంటే, పోయినోళ్లకు దొరికె. మాకు భూమి ఉండె. భూమి ఉండేటోళ్లు ముంత పట్టుకోని వరసలో నిలబడితే ఎట్ల అని మా పెద్దోళ్లకు సిగ్గు. ఆ సిగ్గుతో ఇంట్లో కూచోని ఏం తింటిమి? విత్తనానికి దాచిన జొన్నలు తింటిమి, అవి అయిపోతానే కొర్రలు తింటిమి. ఒకేసారి తినల్యా. ఈ పూటకు రెండు దోసిళ్లే, రేపు వానొస్తాదిలే అనుకుంటా అనుకుంటా వాడె అడుగు గీకితిమి.

వాన వచ్చె. మంచి పదును. ఊర్లో గొర్లు కట్టినారు, మా చేను మాత్రం బీడుగా పడుకోనుండె. చివరికి నాగుకు తెచ్చినాము. నాగు అంటే మీకు తెలియదు. విత్తనం సేరు తెచ్చుకుంటే పంటకు సేరున్నర కొలవల్ల. పండకపోతే ఆ సేరున్నరకు మళ్లీ నాగు. ఆ రోజు నుంచి మా అవ్వ మనసులో ఒకటే పట్టుకున్నాది. విత్తనాలకు వేరే అర ఉండల్ల, దానికి వేరే బీగం ఉండల్ల. బీగం దొంగలకు కాదు నాయనా. మాకు.

దాచుకునేదానికి ఇంట్లో ఏమీ లేక కాదు. వాడెలుండె, గంపలుండె, వాకిట్లో పాతర ఉండె. తిండి జొన్నంతా పాతరలోనే. నేలలో గుండ్రంగా తవ్వి, చుట్టూ గడ్డి పెట్టి, జొన్న పోసి, పైన మట్టి మూసేస్తాండ్రి. ఏండ్ల తరబడి ఉంటాది. తీసేటప్పుడు మాత్రం బిరీన దిగేదానికి ల్యాదు. లోపల గాలి చెడిపోయి ఉంటాది, దిగినోడు దిగినట్లే పడిపోతాడు. నోరు తెరిచి పెట్టి, దీపం దించి, అది ఆరిపోకుండా ఉంటేనే మనిషిని దించుతాండ్రి. ఆ జొన్న సంగటికి పనికొస్తాది, ముక్క వాసన వచ్చినా సరిపెట్టుకుంటాం. విత్తనానికి మాత్రం పాతర జొన్నను ఎవురూ నమ్మరు. వాడెలో పెడితే పురుగు, గంపలో పెడితే ఎలుక, కింద పెడితే చెదలు.

సరే, ఆచారి ఒప్పుకున్నాడు. ఇంగ బేరం. ఊర్లో వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, వీళ్లంతా ఆయగాళ్లు. విజయనగర రాజుల కాలం నుంచీ ఉండే కట్టు అది, పన్నెండు మంది అంటారు. మడక విరిగినా, గొర్రు పల్లు ఊడినా ఆచారి ఏడాదంతా చేసిపెట్టల్ల. పంట నూర్చినాక కళ్లం కాడ ఆయనకు మేర కొలవల్ల. అయితే సేద్యానికి పనికొచ్చేదే మేర కిందికి వస్తాది. కొత్త బండి, ఇంటి వాకిలి, బీరువా ఇవి రావు, వేరే మాట్లాడుకోవల్ల. మా అబ్బ కాడ దుడ్లు ల్యావు. పని జరిగినన్నాళ్లు మా ఇంట్లోనే తిండి, ఉగాదికి పంచెల జత, మానులో మిగిలే కొమ్మలూ తెల్లచెక్కా ఆయనవి, దుడ్లు మాత్రం రెండు పంటల మింద. అట్ల కుదిరె.

మాను మా చేని గట్టు మింద ఉండే యాప. కరువులో దాని కొమ్మలన్నీ నరికి మేకలకు ఏసినాము, సగం మాను ఎండిపోయి ఒక పక్కనే చిగురుండె. ఆచారి పోయి గొడ్డలి మడమతో మొదలు చుట్టూ కొట్టి, చెవి పెట్టి విన్నాడు. లోపల డొల్ల ఉంటే సద్దు వేరే వస్తాదంట. మా చిన్నవ్వ, "యాపమాను కొడితే మారెమ్మ ఊరుకుంటాదా" అని గొడవ. ఆచారి ముందటి సాయంత్రం టెంకాయ కొట్టి, పసుపూ కుంకుమా పెట్టి, ఈ మానులో ఉండే జీవాలు ఇంకో మానుకు పోవల్లని మొక్కి వచ్చినాడు. పుష్యమాసం, చీకటి పక్షం. వెన్నెల పక్షంలో కొడితే పురుగు పడతాదని ఆయన నమ్మకం. నెలకూ పురుగుకూ పొత్తుందో ల్యాదో నేను చెప్పలేను గానీ, చలికాలంలో కొట్టడం మాత్రం తెలివైన పనే. ఎండ తక్కువ గదా, చెక్క నిదానంగా ఆరుతాది, పగుళ్లు తక్కువ.

టేకు ఎందుకు పెట్టుకోల్యా అని అడుగుతారు మీరు. టేకు మంచిదే, కాదనను. నల్లమల నుంచి నంద్యాల మింద వస్తాండె, దుడ్లుండేటోళ్లు తెచ్చుకుంటాండ్రి. యాప మన గట్టునే ఉండె. దాని చేవ ఎర్రగా ఉంటాది, చెదలకు చేదు, పురుగుకు చేదు. గుడ్డలకూ కాగితాలకూ గింజలకూ అంతకంటే ఏం కావల్ల? ఒకటే పీడ. చెక్క లోపలి నార ఒక వరస అటు, ఒక వరస ఇటు తిరిగి ఉంటాది. చిత్రిక అటు పడితే ఇక్కడ లేస్తాది, ఇటు పడితే అక్కడ లేస్తాది. ఆచారి దినమంతా తిట్టుకుంటా పట్టినాడు. తిట్లు అయిపోతే బ్రహ్మంగారి తత్వాలు. ఆయన ఏటా కందిమల్లాయపల్లె మఠానికి పోయొచ్చే మనిషిలే.

దుంగలు కోసినాక చెరువులో నానేయల్ల అన్నాడు. చెరువు యాడుంది? అడుగు బీటలు పడి, అందులో పిల్లోళ్లం చిల్లాకట్టె ఆడుకుంటాంటిమి. కపిలబావిలో రొంత నీళ్లుండె, తాగే బావి కాదు. దుంగలకు రాళ్లు కట్టి, కపిల మోకుతోనే ఎద్దులను పెట్టి దించినారు. చెక్కలో ఉండే పాలు, తీపి అంతా నీళ్లలోకి దిగిపోతే పురుగుకు తిండి ఉండదు, అదీ లెక్క. మళ్లీ ఎద్దులే పైకి లాగినాయి. అప్పుడు కోతగాళ్లు వచ్చినారు. గుంత తవ్వి, దుంగను అడ్డంగా పెట్టి, ఒకడు పైన, ఒకడు గుంతలో. గుంతలో ఉండేటోని నెత్తిన, కండ్లల్లో, నోట్లో అంతా పొట్టు. ఆచారి దారాన్ని జాజులో ముంచి, ఒక కొస నా చేతికిచ్చి, సాగదీసి, నడమ పట్టుకోని టప్పున వదిలితే దుంగ మింద ఎర్ర గీత పడె. ఆ గీత దాటకుండా రంపం దిగల్ల.

పలకలు కొట్టంలో నీడన పేర్చి, వరసకూ వరసకూ నడమ సన్న పుల్లలు పెట్టినాడు గాలాడేదానికి. ప్రతి పలక రెండు కొసలకూ పేడ మెత్తినాడు. చెక్కలో తేమ కొసల నుంచే బిరీన పోతాది, కొస ముందు ఎండి లోపల ఎండకపోతే చీలుతాది. ఎండాకాలంలో రాత్రిపూట కొట్టంలో టప్ అని సద్దు వస్తే మా అవ్వ లేచి కూచుంటాండె, ఏ పలక పోయిందో అని.

ఈ నడమలో ఆచారి చేసిన పని గురించి చెప్పల్ల, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఆయన బీరువా కొలతలు అడగల్యా. మా ఇంటికొచ్చి మా అవ్వను, "ఇందులో ఏమేం పెడతావో అన్నీ ఈడ పరచమ్మా" అన్నాడు. అవ్వ పరిచె. ధర్మవరం పట్టుచీర మడత, ఇత్తడి తళిగలు, దస్తావేజులు, మా అబ్బ పద్దుల పుస్తకం, భాగవతం, శొంఠీ కరక్కాయల డబ్బీ, పిల్లోళ్ల ఉయ్యాల గొలుసులు. వాటి పక్కన కూచోని ఒక సన్నటి కర్ర తీసుకోని, దాని మింద ఒక్కోదానికి ఒక్కో గాటు పెట్టినాడు. చీర మడతకు ఒకటి, పెద్ద తళిగకు ఒకటి. అంగుళాలు రాయల్యా, అంకెలు ల్యావు. ఆ కర్రే నక్ష. తర్వాత అవ్వను గోడకానించి నిలబెట్టి, చెయ్యి పైకి చాపమని, అది ఎంతకందితే ఆడ బొగ్గుతో గీసినాడు. పైఅర ఆ గీతకు మించి పోకూడదు. మా నాయన, "ఇంగో అడుగు ఎత్తు పెంచు ఆచారీ, చూసేదానికి బాగుంటాది" అంటే, "చూసేది నువ్వు, తీసేది ఆమె" అన్నాడు. నేను అయ్యవారుగా ముప్పై ఏండ్లపైన ఎన్నో బడుల్లో బీరువాలు చూసినా. పిల్లోనికి అందే అర ఒక్క దాంట్లో ల్యాదు.

ఆయం ముచ్చట కూడా ఉండాదప్పా. గోడను బట్టి వెడల్పు 46 అంగుళాలు, లోతు 19 అనుకున్నారు. ఆచారి రెండూ హెచ్చేసినాడు, 874. దాన్ని తొమ్మిదితో హెచ్చి, ఎనిమిదితో పంచితే రెండు మిగిలె. రెండంటే ధూమాయం, ఇంట్లో పొగ తప్ప ఏమీ ఉండదు. బేసి మిగలల్ల. ఒకటి ధ్వజం, మూడు సింహం, ఐదు వృషభం, ఏడు గజం. వెడల్పు ఒక అంగుళం తగ్గించి 45 చేసినాడు, 45ను 19తో హెచ్చితే 855, దానికి ఏడు మిగిలె. గజాయం, అంతా కుశాల. నాకు లెక్కలు వచ్చినాక ఒక పొద్దు కూచోని చూస్తే, ఎనిమిదితో పంచేటప్పుడు ముందు తొమ్మిదితో హెచ్చినా హెచ్చకున్నా మిగిలేది అదే. ఈ మాట ఆచారితో అంటే, "హెచ్చకపోతే అది లెక్క అయితాది, హెచ్చితే శాస్త్రం అయితాది" అని నవ్వినాడు. ఆయనకు ముందే తెలుసు!

ఇంగ చక్రం ముచ్చటకు వస్తాం. మా అవ్వ మాటలో నిజమేమో ఆడుంది. బండిచక్రానికి ఇనుప పట్టా కాల్చి ఎక్కిస్తారు, చల్లారితే బిగుసుకుంటాది. ఎండాకాలం వచ్చిందంటే చెక్క ఎండి ముడుచుకోని పట్టా వదులైపోతాది, దారిలో ఊడిపోయేంత. అందుకని చక్రాలను రాత్రంతా నీళ్లలో పెడతాండ్రి. చెక్క ఉబ్బి మళ్లీ పట్టాను పట్టుకుంటాది. పుట్టినప్పటి నుంచీ ఇది చూసిన ఆచారికి చెక్క కదులుతాదని ఎవురూ చెప్పబన్లే. బళ్లారి బీరువాలు చేసేటోళ్లకు తెలియంది ఈయనకు తెలుసు. మన ఎండల్లో ఆ బీరువాల తలుపు పలకలు నడిమధ్యకు చీలతాండె. ఎందుకంటే పలకను చట్రానికి మేకులు కొట్టి బిగిస్తాండ్రి. ముడుచుకునేదానికి సందు ల్యాక అది చీలల్ల, ఇంకేం చేస్తాది?

ఆచారి తలుపు చట్రానికి లోపలి అంచున గాడి తీసి, పలకను ఆ గాడిలోకి దించి వదిలేసినాడు. మేకు ల్యాదు, బంక ల్యాదు. పోయి చూడండి, పలకను అరచేత్తో ఒత్తితే రొంత కదులుతాది. చెక్క పొడుగు మారదు, వెడల్పే మారుతాది. అడుగు వెడల్పు పలకకు మే నెలకూ వానాకాలానికీ నడమ ఒక జొన్నగింజంత తేడా వస్తాది. గాడి లోతు దానికి సరిపోయేటట్ల పెట్టినాడు. మాను గుండెకు ఎదురుగా కోసిన పలకలు తక్కువ కదులుతాయని, వాటిని ఏరి తలుపులకు పెట్టుకున్నాడు, పక్కగా కోసినవి లోపలి అరలకు పెట్టినాడు. డెహ్రాడూన్‌లో 1906లో పెట్టిన అడవుల పరిశోధన సంస్థ వాళ్లు ఏ చెక్క ఎంత ముడుచుకుంటాదో కొలిచి పట్టికలేసినారు. అడ్డంగా చూస్తే ఒక తీరున కోసిన పలక ఇంకో తీరుదానికి రెండింతలు దాకా కదులుతాదని వాటిలో ఉండాది. ఆచారి ఆ పట్టికలు చూడల్యా, ఆయనకు ఇంగ్లీషూ రాదు, తెలుగూ సంతకం వరకే.

అతుకులు కుసీ బెజ్జమూ. నిలువు కమ్మీలో బెజ్జం తొలిచి, అడ్డ కమ్మీ కొసను కుసిగా చెక్కి దింపడం. ఆ రెండింటికీ అడ్డంగా వెదురు చీల. చీల వెనక ఒక కిటుకుండాది. కుసిలో తొలిచే రంధ్రాన్ని సూటిగా కాకుండా వెంట్రుకవాసి కుసి మొదలు వైపుకు జరిపి తొలుస్తాడు. చీల కొట్టేటప్పటికి అది కుసిని లోపలికి లాగి బిగిస్తాది. ఈ పని మొన్నమొన్నటిది కాదు. ఈజిప్టులో టుటన్‌ఖామున్ రాజు సమాధి 1922లో తెరిస్తే అందులో ఉండే పెట్టెలు, కుర్చీలు ఇట్లాంటి కుసులూ చీలలతోనే నిలబడుండె, మూడువేల ఏండ్లు దాటినా. ఆడా ఎండే, ఈడా ఎండే. సమాధి లోపల ఏడాదంతా దాదాపు ఒకే తీరు గాలి, అందుకని చెక్క శానా వరకు నిలిచె. మన ఇంట్లో అట్ల కాదు. మేలో నిప్పులు, సెప్టెంబరులో జడి. చెక్కను చంపేది ఎండ కాదప్పా, ఆ మార్పు.

నడుమెత్తున మూడు సొరుగులు, అవే విత్తనాల అరలు. వాటి పలకల అంచులకు పళ్లు కోసి, రెండు చేతుల వేళ్లు కలిపినట్ల ఒకదాంట్లో ఒకటి దించినాడు, గింజ జారే సందు ల్యాకుండా. ఒకటి జొన్నకు, ఒకటి కొర్రకు. మూడోదానికి లోపల అడ్డపలకలు పెట్టి కందులు, అనుములు, అలసందలు, ఆముదాలు. మూడింటికి మూడు బీగాలు కొనేదానికి దుడ్లు ల్యావు గదా, మూడింటి ముందరా అడ్డంగా ఒక కొయ్యపట్టీ పెట్టి, దానికి ఒకే బీగం. బండికి వెనకాల అడ్డకట్టె పెట్టినోని బుద్ధి అది. సొరుగు అడుగు అంచులకు తేనెమైనం రుద్దినాడు, ఇప్పుటికీ వేలితో లాగితే వస్తాది.

నున్నగా చేసేదానికి పారిజాతం ఆకులు. గరుకు కాగితం మా ఊరికి అప్పటికి రాల్యా. ఎండిన ఆకుతో రుద్దితే చెక్క అద్దం మాదిరి కాకపోయినా చేతికి మెత్తగా వస్తాది. చమురు కాడ అవ్వకూ ఆయనకూ తగాదా వచ్చె. ఇంట్లో శెనక్కాయ నూనె ఉండాది గదా, అది పూయి అని ఆమె. "శెనక్కాయ నూనె ఎన్నేండ్లైనా ఆరదమ్మా, జిగటగా ఉండి దుమ్ము పట్టి, ఎలుకలు నాకుతాయి. అవిసె నూనె గాలికి ఆరి పొర కడతాది" అని ఆయన. అవిసె నూనె తెప్పించేదానికే పది దినాలు పని ఆగె. కాళ్లకు మాత్రం యాప కాదు, పాతబండి నుంచి తీసిన నారేపి. మన అడవుల్లో మాను, ఇనుము మాదిరి బరువు, ఉలి మొండైపోతాది. కాళ్ల కింద తాడిపత్రి బండ ముక్కలు. గోడకు నాలుగు వేళ్లు ఎడంగా నిలబెట్టమన్నాడు. మట్టిగోడకు ఆనిస్తే చెదలు వెనక నుంచి ఎప్పుడెక్కినాయో తెలియదు. ఎడం ఉంటే అవి మట్టిగొట్టం కట్టుకోనే రావల్ల, వస్తే కండ్లకు కనబడతాయి.

బీగానికి పరీక్ష 1965, 66ల్లో వచ్చె. దేశమంతా అమెరికా గోధుమల మింద బతికిన కాలం అది. నేను అయ్యవారి ట్రైనింగు అయ్యి పోస్టింగు కోసం ఎదురుచూస్తాంటి. మా నాయన రోడ్డు పనికి పోతాండె, కరువు పని. ఇంట్లో మా చెల్లెలు పిల్లోళ్లు కూడా ఉండ్రి. సొరుగుల్లో విత్తనాలు నిండుగా ఉండె. ఎవురూ నోరు తెరిచి అడగల్యా గానీ, ఆ నడింట్లో ఎవురు నడిచినా కండ్లు ఆ కొయ్యపట్టీ మిందికే పోతాండె. అవ్వ అది కనిపెట్టె. ఒక సాయంత్రం బీగంచెవి కొంగు నుంచి విప్పి, తీసుకపోయి ఆచారి చేతిలో పెట్టె. "నా కాడుంటే నేనే తీస్తా. పదునైనాక ఇయ్యి" అన్నాది.

ఆచారి ఇంట్లో మాత్రం తిండి ఉండిందా? మాకంటే ఘోరం. చేన్లు పండకపోతే కళ్లం ల్యాదు, కళ్లం ల్యాకపోతే మేర ల్యాదు. అయినా తీసుకున్నాడు. "మీ చేను విత్తితేనే గదమ్మా నాకు గింజ" అన్నాడు. గింజలు మా ఇంట్లో, చెవి ఆయనింట్లో. ఆకలి రెండిండ్లల్లోనూ ఉండె, ఏ ఒక్కరూ తెరవలేరు. ముంగారు దాకా అట్లనే ఉండె. వానొచ్చిన మరుసటి పొద్దు ఆయనే వచ్చి తీసినాడు. యాపాకు, బూడిద కలిపి పెట్టిన కొర్రలు, ఒక్క పురుగు ల్యాదు. మా నాయన గొర్రు కట్టినాడు. ఆ ఏడు మేర ఒక తూము ఎక్కువ కొలిచినారని జ్ఞాపకం.

తర్వాత శెనక్కాయ వచ్చె. వచ్చె అంటే ముందూ ఉండె, ఊరంతా అదే అయింది తర్వాత. అప్పుడు ఆ సొరుగు చిన్నదైపోయె. ఎట్లంటే చూడండి. ఒక్కో సొరుగు లోపల 12 అంగుళాల వెడల్పు, 16 లోతు, 7 ఎత్తు. కొర్రలైతే పదైదు కిలోల దాకా పడతాయి. ఎకరాకు రెండు కిలోలు చాలు, అంటే ఏడెకరాల చేను ఆ ఒక్క సొరుగులో. శెనక్కాయకు ఎకరాకు విత్తనాలు దాదాపు 50 కిలోలు కావల్ల. ఏడెకరాలకు మూడున్నర క్వింటాళ్లు. యాడ దాస్తావు? దాచినా మరుసటేటికి దుడ్లు అవసరమై అమ్మేస్తారు. అందుకని విత్తనం కోసం ఏటా సబ్సిడీ వరసలో నిలబడేది అలవాటయె. గంజి వరసకు సిగ్గుపడిన ఇల్లు, విత్తనాల వరసలో తెల్లవారుజామున చెప్పులు పెట్టి జాగా పట్టుకునె. దీనికి ఎవుర్ని అనల్లో నాకు తెలీదు. శెనక్కాయ అన్నం పెట్టల్యా అని కూడా అనను, మిమ్మల్ని చదివించింది అదే గదా.

సొరుగుల్లో ఇప్పుడు పాసుపుస్తకాలు, ఇన్సూరెన్సు రసీదులు, ఆధార్ కార్డులు. ఊర్లో ఇనుప బీరువాలు వచ్చినాయి. గోద్రెజ్ వాళ్లు 1897లో బొంబాయిలో బీగాలతో మొదలుపెట్టి 1923 నుంచి ఇనుప బీరువాలు చేస్తాన్నారు గానీ, మా ఊరి పెండ్లిళ్లల్లోకి అద్దం బీరువా వచ్చేటప్పటికి శానా ఏండ్లు పట్టె. 1959లో ఫెవికాల్ వచ్చినాక వజ్రం బంక ఉడకబెట్టే కంపు పోయె, దానితోపాటు చీలలు కొట్టే ఓపిక కూడా పోయె. ట్రాక్టరు వచ్చినాక గొర్రు ఇనుముదైపోయె. ఆచారి మనవడు ఇప్పుడు బెంగుళూరులో ప్లైవుడ్ పని చేస్తాన్నాడు, నెలకు బాగ వస్తాదంట. మంచిదే. మేర కొలిచేటోడు ల్యాని ఊర్లో ఆయన ఎందుకుండల్ల?

మీరూ బెంగుళూరికే తీసుకపోవల్లని చూస్తాన్నారు గదా ఆ బీరువాను, నాకు తెలియదనుకోకండి. తీసుకపోండి. వాకిట్లో పట్టదు, విప్పల్ల. విప్పేదానికే చేసినాడు ఆయన. ప్రతి కుసి పక్కన ఉలితో గాట్లుండాయి, ఒకటి, రెండు, మూడు, వాటికి ఎదురు బెజ్జం కాడ అన్నే గాట్లు. ముందర పైకమ్మీ చీలలు, లోపలి నుంచి బయటికి కొట్టండి, బయటి నుంచి కొడితే కుసి చీలుతాది. సుత్తికి గుడ్డ చుట్టండి. పలకలు వాటంతట అవే వచ్చేస్తాయి. కొత్త చీలలకు ముదురు వెదురే, బజార్లో దొరికే పుల్లలు కాదు. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, ఆడ అంతకంటే శానా ఎక్కువ. వానాకాలంలో సొరుగులు పట్టుకుంటాయి, రావు. అప్పుడు ఎవుడో ఒకడు చిత్రిక పట్టిస్తే సరిపోతాది అంటాడు. పట్టనీయొద్దు. శివరాత్రి దాకా ఆగితే వాటంతట అవే వదులైతాయి.